గిన్నె ఖాళీగా పోకూడదు

తొర్రూరులో సరోజన ఇంటికి ఏదైనా పంపాలంటే ఇరుగుపొరుగు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఆమె పిసినారి అయి కాదు. కప్పు చక్కెర పంపితే గిన్నెడు పాయసం వస్తుంది. పాయసం పంపితే కోడికూర వస్తుంది. కోడికూర పంపినవాళ్లు ఆ రాత్రికి పొయ్యి వెలిగించనక్కర్లేదు. ఇచ్చిన గిన్నెను ఖాళీగా వాపసు పంపకూడదన్నది అందరికీ తెలిసిందే గానీ, అందరూ చిటికెడు చక్కెర వేసి సరిపెట్టుకుంటారు. సరోజనకు అలా సరిపెట్టుకోవడం రాదు. బడిలో నూటయాభై మంది పిల్లలకు మధ్యాహ్న భోజనం వండే చేయి అది.

గోడ అవతలి గుల్షన్ బేగం ఒక్కతే ఆమెకు సరిజోడు. పదకొండేళ్లుగా వాళ్లిద్దరి మధ్యా ఒక స్టీలు గిన్నె గోడ మీదుగా తిరుగుతోంది. అది రంజాను షీర్ ఖుర్మాతో బయలుదేరిందో, క్రిస్మస్ గారెలతో బయలుదేరిందో ఇద్దరికీ గుర్తు లేదు. కాబట్టి అది ఎవరి గిన్నె అన్నది కూడా ఎవరికీ తెలియదు.

ఈసారి డిసెంబరు మొదట్లో సరోజన ఇంటి చూరుకు క్రిస్మస్ నక్షత్రం కట్టబోయి స్టూలు మీదినుంచి పడింది. నక్షత్రానికి ఏమీ కాలేదు. కుడిచేయి విరిగింది. దవాఖానలో సిమెంటు కట్టు వేసి ఆరు వారాలు కదపొద్దన్నారు. భర్త పోయి ఆరేళ్లయింది, ఇంట్లో వండేవాళ్లు లేరు. వాడ మొత్తం వంతులేసుకుని టిఫిన్ డబ్బాలు మోసుకొచ్చింది.

తిన్నది సరే, డబ్బాలు మాత్రం ఇవ్వదే! "చెయ్యి బాగైనంక నింపి ఇస్త. అప్పటిదాంక ముట్టొద్దు," అని ఎడమచేత్తో కడిగి అరలో వరసగా పేర్చింది. పండుగ వారానికి తొమ్మిది డబ్బాలు జమయ్యాయి. కరెంటు పనిచేసే వీరేందర్ తన డబ్బా కోసం రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ తిట్లు తిని, చివరికి కూతురి ఎలుగుబంటి బొమ్మ డబ్బాలో అన్నం కట్టుకుని పనికి పోసాగాడు.

వాడంతా నవ్వుకుంది గానీ, సరోజనకు లోపల దిగులే. ఏటా ఆరాధన అయ్యాక వాడ వాడంతా ఆమె వాకిట్లో తినేది. తను పెడుతుంది కాబట్టే తనను నలుగురూ చూసుకుంటున్నారని ఆమె గట్టి నమ్మకం. ఈ ఏడు పెట్టే వీలు లేదు కాబట్టి పండుగనాడు తలుపు గడియ వేసుకుందామని నిశ్చయించుకుంది.

ముందురోజు గుల్షన్ వచ్చింది. "రేపు నేను వండుకొస్త అక్కా."

"వద్దు. పండుగ నాది, వంట నీదా? వాపసు ఏం పెట్టియ్యాలె నేను?"

గుల్షన్ మొహం చిన్నబోయింది. "పదకొండేండ్ల సంది నువ్వు పెడితే వద్దన్ననా? నేను పెడితే తినవైతే సరే. ఇగ ఆ గిన్నె తిరుగుడు బంద్." అని వెనక్కి చూడకుండా పోయింది. సరోజనకు ఆ మాట చేయి విరిగినప్పటికన్నా ఎక్కువ నొప్పి పెట్టింది.

పొద్దున ఆరాధనకు పోయి ముందు వరుసలో కూర్చుంది. పాస్టరు ప్రేమ్‌చంద్ బైబిలు మూసి అన్నాడు: "లోకాన్ని చేసినోడు, తన నోట్ల తాను ముద్ద పెట్టుకోలేని పసిగుడ్డయి వచ్చిండు. పండుకున్న పశువుల తొట్టి మందిది. పాలు మరియమ్మవి. జ్ఞానులు కానుకలు తెస్తే, 'ఉండుండ్రి, పెద్దగైనంక వాపసిస్త, అప్పటిదాంక మీ పెట్టెలు ముట్టొద్దు' అన్నడా?"

పాస్టరమ్మ పంపిన డబ్బా కూడా సరోజన అరలోనే ఉందన్న సంగతి ఇక్కడ చెప్పాలి.

సరోజనకు మొదట కోపం వచ్చింది. తరువాత ఆలోచన వచ్చింది. దేవుడు కొడుకునే ఇచ్చిన గిన్నెలో తిరిగి ఏం పెట్టి పంపాలి? గారెలా? ఎన్ని గారెలు? నూటయాభై మంది లెక్కన వేసినా చాలవే! ముందు వరుసలోనే ఆమెకు పక్కున నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. పక్కావిడ, చేయి సలుపుతోందేమోనని నీళ్లిచ్చింది. వద్దనకుండా తాగింది.

ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా గోడ దగ్గర నిలబడింది. "గుల్షనూ! నాకు ఆకలైతందే!"

ఆ నోటినుంచి ఆ మాట వాడలో ఎవరూ విని ఎరగరు.  గుల్షన్ ఆ స్టీలు గిన్నెనిండా బగారన్నం, పైన దాల్చా పోసుకుని దాదాపు పరుగున వచ్చింది. వద్దన్నా వండే ఉంచింది మరి! సరోజన చెంచా కోసం వెతుకుతుంటే, "చెంచా ఎందుకు, నోరు తెరువు," అని తనే కలిపి ముద్దలు పెట్టింది. సరోజన చంటిపిల్లలా తిన్నది. కడుపునిండా, సంతోషంగా తిన్నది.

సాయంత్రం లోపల ఎనిమిది ఇళ్లకు డబ్బాలు ఖాళీగానే చేరాయి. వీరేందర్ అలవాటు కొద్దీ మూత తీసి లోపలికి చూసి, "అక్కా, పానం మంచిగున్నదా?" అని కంగారుగా అడిగాడు. తొమ్మిదోదాన్ని పాస్టరు తనే వచ్చి, ఏమీ ఎరగనట్టు పట్టుకుపోయాడు.

చివరికి గుల్షన్ లేచింది. సరోజన ఎడమచేయి చక్కెర సీసా దాకా పోయి ఆగింది. కడిగిన గిన్నెను అలాగే ఆమె చేతిలో పెట్టింది.

గుల్షన్ దాన్ని అందుకుని, ఒకసారి పైకీ కిందికీ ఊపి చూసింది.

"ఇన్నేండ్ల సంది మోస్తున్న, అక్కా," అంది. "గిది గింత తేలికుంటదని ఇయ్యాల్నే తెలిసింది."