ఆగు బావా, పలక పెట్టనీ

మా బావమరిది ఎవరినీ ఏ పనీ ఒక్క ఊపున చేసుకోనివ్వడు. "ఆగు" అంటాడు. ముద్ద నోటి దాకా వెళితే ఆగు. చెప్పులో కాలు పెడితే ఆగు. ఒకసారి నాకు తుమ్ము వస్తుంటే కూడా వెలుతురు బాగుందని ఆగమన్నాడు. ఆ తుమ్ము ఇప్పటిదాకా తిరిగి రాలేదు.

వాడొక ఫొటో స్టూడియో నడిపేవాడు. బోర్డు మీద ఏదో పెద్ద పేరే ఉండేది గానీ అందరూ దాన్ని "ఆగు స్టూడియో" అనే పిలిచేవారు. ఉద్యోగాల కార్డులకు, బళ్ళో దరఖాస్తులకు ఫొటోలు తీసేవాడు. మనిషిని గుండ్రటి స్టూలు మీద కూర్చోబెట్టి, దీపం ఇటు జరిపి, అటు జరిపి, మళ్ళీ ఇటే జరిపి, చేతిలో ఒక నల్ల పలక పెట్టేవాడు. దాని మీద సుద్దముక్కతో పేరూ తేదీ రాసి గుండెల దగ్గర పట్టుకోవాలి. పలక లేనిది వాడి లెక్కలో ఫొటోయే కాదు.

"రేపెవరైనా ఈ మనిషెవరని అడిగితే ఫొటో ఏం చెబుతుంది బావా? నోరు మూసుకుంటుంది. చెప్పేది పలకే" అనేవాడు.

తరవాత ఫోన్లు వచ్చాయి. ఎవడి మొహం వాడే తీసుకోవడం మొదలుపెట్టాడు. స్టూడియో మూతపడింది. ఆ గదిలో ఇప్పుడు ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. స్టూలు పోయింది, దీపం పోయింది, పలక మాత్రం వాడి చంకలో ఉండిపోయింది.

ఇక నా గురించి చెప్పాలి. నేను నీటి సరఫరా సంస్థలో పంపుహౌసు ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేసినవాణ్ణి. చదివింది మా పల్లె బడిలో అయిదో తరగతి. అయినా పెద్ద పంపు చప్పుడు విని దాని రోగమేమిటో గేటు దగ్గరే చెప్పేవాణ్ణి. నా హయాంలో ఆసుపత్రికి నీళ్ళు ఒక్క పూట ఆగలేదు. వరసగా మూడేళ్ళు ఉత్తమ ఫోర్‌మన్ కప్పు నాదే. నాలుగో ఏడు కప్పు ఇవ్వడమే మానేశారు. గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్ప గనక చెబుతున్నాను.

అన్నిటికన్నా గొప్పది కరువు ఏడాది పని. పెద్ద గొట్టం మీది వాల్వు బిగుసుకుపోయి పట్టణం సగం దాహంతో అల్లాడుతుంటే, రోడ్డు పక్క గొయ్యిలోకి దిగి ఆ చక్రం తిప్పింది నేను. తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ నా ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ పట్టుకుపోయింది. నీళ్ళొచ్చాయి. వేళ్ళు రాలేదు.

మొన్న సంస్థవాళ్ళు తమ నూరేళ్ళ చరిత్ర అచ్చువేశారు. అట్ట మందం, కాగితం నునుపు. అందులో ఆ రోజు గురించి ఒకే వాక్యం ఉంది: "అధికారుల సమయస్ఫూర్తితో నీటి సరఫరా పునరుద్ధరించబడినది." ఆ సమయస్ఫూర్తిగారు ఆ రోజు గట్టు మీద గొడుగు కింద నిలబడి ఉన్నారు. నేను కింద నుంచి చూశానుగా, బూట్లు కూడా తడవలేదు.

ఆఫీసుకు వెళ్ళి అడిగాను. గుమస్తా తల ఎత్తకుండానే అన్నాడు: "నలుగురికీ తెలిసిన సంగతైతే రెండో ముద్రణలో చూద్దాం పెద్దాయనా."

నలుగురికీ తెలియాలా? సరే అనుకున్నాను. బావమరిది చేత ఒక బ్లాగు పెట్టించి, కుడిచేతి చూపుడువేలితో టైపు కొట్టి నా సర్వీసంతా రాయడం మొదలుపెట్టాను. దాని పేరు "పంపుహౌసు". పాఠకులు ఇద్దరు, నేనూ వాడూ. మా ఆవిణ్ణి కూడా చదవమన్నాను.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్నాను. మళ్ళీ చదవాలా?" అంది.

అప్పుడు బావమరిదికి ఐడియా వచ్చింది. వాడికి ఐడియా వస్తే మిగతా ఇంటికి ఒంట్లో బాగుండదు.

"బావా, జనం అక్షరాల దగ్గరికి రారు. బొమ్మల దగ్గరికి వస్తారు. ఫొటోలు పెట్టుకునే యాప్ ఒకటుంది. అందులో రోజుకొక ఫొటో పెడదాం, కింద నీ కథలోంచి ఒక్క ముక్క రాద్దాం, మిగతాది బ్లాగులో చదవండందాం. బొమ్మ పట్టుకుని బ్లాగులోకి వచ్చేస్తారు."

"అయితే నా కప్పులు తియ్యి" అన్నాను. మూడూ తుడిచి బల్ల మీద వరసగా పెట్టాను.

వాడు వాటి వంక చూడనైనా లేదు. గుమ్మం పక్క నా పాత గొడుగు ఉంది, రెండు ఊచలు విరిగి. దాన్ని సగం తెరిచి గోడకు ఆనించాడు. పక్కన పలక. పలక మీద బ్లాగు చిరునామా.

"అదేమిట్రా, ఖైదీకి పెట్టినట్టు!"

"చిరునామా నొక్కితే తెరుచుకునే ఏర్పాటు ఫొటో కింద ఉండదు బావా. ఫొటోలోనే ఉండాలి. ఆగు, పలక సరిగ్గా పెట్టనీ."

వాడి దస్తూరీ చూసి ఊరుకోలేకపోయాను. కోడి కెలికినట్టుంది. పలక మీద ఎలా రాయాలో మా బడిలో నాకు వీపు మీద నేర్పారు. తుడిచేసి గుండ్రంగా నేనే రాసిచ్చాను. అది నేను చేసిన పొరపాటు. జనం ఆ దస్తూరీ మీద పడ్డారు.

అప్పట్నుంచి మా ఇంట్లో పలక లేని వస్తువు లేదు. దారంతో కట్టిన నా కళ్ళద్దాల పక్కన పలక. అరిగిన చెప్పుల మధ్య పలక. కప్పులో టీ మీద ఈగ పడితే, ఈగనీ తియ్యనివ్వలేదు, నన్నూ తాగనివ్వలేదు.

"ఆగు బావా, ఈగ ఇటు తిరుగుతోంది."

"అది చచ్చిపోతోందిరా!"

"పాపం, అందుకే తొందరపెట్టకు."

మా ఆవిడ గిన్నెలు తోముకుంటూ అంది, "ఒరేయ్, ఆయన నోరు మూసిన ఫొటో ఒకటి తియ్యరా, నేను దాచుకుంటాను."

గొడుగుకు వేలల్లో గుండె బొమ్మలు వచ్చాయి. చెప్పులకు ఇంకా ఎక్కువ. ఈగకు చెప్పనే అక్కర్లేదు, నా సర్వీసు మొత్తం మీద నాకు రాని మెప్పు దానికొచ్చింది. "పలక తాతయ్య" అని నాకొక పేరు కూడా పడింది. బ్లాగు తెరిచి చూస్తే మాత్రం పంపుహౌసులో సెలవు రోజంత నిశ్శబ్దం. వచ్చినవాళ్ళు కూడా పై వాక్యం చూసి పోయినవాళ్ళే. అందరూ గుండెలిచ్చారు. కళ్ళు ఇచ్చినవాడు లేడు.

"నా కప్పులు తియ్యరా అంటే విన్నావా?" అని విసుక్కున్నాను.

"కప్పు చూస్తే చప్పట్లు కొట్టి పోతారు బావా. విరిగిన గొడుగు చూస్తే ఏమైందని అడుగుతారు."

"అడగలేదుగా!"

"అడుగుతారు. ఆగు."

ఆగలేక వాణ్ణి వెంటేసుకుని మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాను. ఈసారి గుమస్తా తల ఎత్తాడు. ఎత్తడమేమిటి, లేచి నిలబడ్డాడు.

"పలక తాతగారా! మా ఇంట్లో అందరం మీ ఈగకు ఫ్యాన్సండీ!"

పక్క గదుల్లోంచి కూడా వచ్చి నాతో ఫొటోలు దిగారు. వాళ్ళ ఫొటోల్లోకి కూడా మా వాడు దూరి, "ఆగండి, ఆగండి, బావను కొంచెం బల్ల వెనక్కి జరగనివ్వండి" అని అందరినీ సర్దాడు. సంబరం అయ్యాక పుస్తకం సంగతి ఎత్తాను.

"తప్పకుండా తాతగారూ. కానీ ఆ వాల్వు మీరే తిప్పారనడానికి ఆధారమేదైనా ఉందాండీ?"

నా ఎడమచెయ్యి జేబులో ఉంది. అది ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. సిగ్గుపడి కాదు. అలవాటు.

బావమరిది నా మోచెయ్యి పట్టుకుని, "పద బావా" అన్నాడు. ఆగమనలేదు.

ఇంటికొచ్చేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. జేబులోంచి చెయ్యి తీసి బల్ల మీద పెట్టాను. "తియ్యి. గొడుగులూ ఈగలూ చాలు. దీన్ని తియ్యి. పక్కన నీ పలక పెట్టు. ఆధారం కావాలట వాళ్ళకి."

వాడు ఫోన్ కింద పెట్టేశాడు. "అది నేను తియ్యను బావా."

"చచ్చే ఈగను తీస్తావు గానీ ఇది తియ్యవా?"

"తియ్యను."

"అయితే నీ పలక తీసుకుని నడు. నన్ను పదిమందిలో బొమ్మను చేశావు. నీకు నా కథ అక్కర్లేదు, ఆ గుండె బొమ్మలే కావాలి. స్టూడియో పోయినా జనం చేత చూపించుకోవాలన్న యావ పోలేదు నీకు."

వాడు ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళిపోయాడు. పలక మరిచిపోయాడు. వాడు పలక మరిచిపోవడం నేనెరిగి అదే మొదలు.

మా ఆవిడ లోపలికి వెళ్ళింది. బీరువాలోంచి ఇంటి ఆల్బమ్‌లు తెచ్చి నా ముందు ధన్‌మని పడేసింది.

"చూడండి."

"ఏమిటి చూసేది? నావే కదా."

"మీవే. మీ ఎడమచెయ్యి ఎక్కడుందో చూడండి."

తిప్పాను. అమ్మాయి పెళ్ళి ఫొటోలో నా చెయ్యి కుర్చీ వెనక ఉంది. కప్పు అందుకుంటున్న ఫొటోలో కప్పు వెనక ఉంది. మనవరాలిని ఎత్తుకున్న దాంట్లో గౌను మడతల్లో ఉంది. ఒకదాంట్లో వార్తాపత్రిక కింద, ఒకదాంట్లో మా ఆవిడ కొంగు చాటున, ఇంకోదాంట్లో సరిగ్గా అదే చోట ఒక పూలకుండీ. ఆ పూలకుండీ నాకు బాగా గుర్తు. దాన్ని అటూ ఇటూ జరుపుతూ నన్ను ఎండలో నిలబెట్టి ఉడికించాడు. "ఆగు బావా, ఆగు, ఇంకొంచెం" అంటూ.

ఎన్ని వేల ఆగులు! ప్రతి ఆగుకీ వాణ్ణి నేను తిట్టిన తిట్లు కూడా గుర్తొచ్చాయి. తిట్లలోనూ నేను పేరున్నవాణ్ణే.

"స్టూడియోలోనూ అంతే వాడు" అంది మా ఆవిడ. "చిరిగిన కాలరువాళ్ళు వస్తే దీపం అటు తిప్పేవాడు. మెల్లకన్నువాళ్ళు వస్తే మొహం ఇటు తిప్పేవాడు. ఆలస్యం ఎందుకురా అంటే, ముందే చెబితే వాళ్ళకు తెలిసిపోతుందక్కా అనేవాడు."

పలక చంకలో పెట్టుకుని వాడింటికి వెళ్ళాను. వాడు కిటికీ దగ్గర కూర్చుని, మూసిన తలుపుకు తాళం తీస్తున్న పక్కింటాయనను ఆపి ఫొటో తీస్తున్నాడు. మనిషి బాధలో ఉన్నా అలవాటు బాధలో ఉండదు.

"ఎప్పట్నుంచిరా ఇది?" అన్నాను.

ఏది అని వాడు అడగలేదు. "ఆసుపత్రి నుంచి వచ్చాక కొత్త కార్డు ఫొటోకి వచ్చావు చూడు బావా. స్టూలు మీద కూర్చుని, చెయ్యి పడుతుందా అని అడిగావు. మొహానికే కదా ఫొటో, చెయ్యెలా పడుతుంది? అయినా అడిగావు. ఆ తరవాత ఎప్పుడూ అడగాల్సిన పని పెట్టలేదు నీకు."

"ఆ రోజు చలిగా ఉండి అడిగాను" అన్నాను.

"అవునవును. చలే."

ఇద్దరం నడుచుకుంటూ రోడ్డు పక్క ఆ వాల్వు గొయ్యి దగ్గరికి వెళ్ళాం. దాని మీద ఇప్పుడు ఇనప మూత ఉంది. పక్కన ఎవరో బండి ఆపారు. మా వాడు బండాయనను బతిమాలి అది తీయించి, పలక తుడిచి, సుద్దముక్క నాకిచ్చాడు.

"చిరునామా రాయనా?" అన్నాను.

"వద్దు. ఇవాళ నేను రాస్తాను." వాడు సుద్దముక్క నా చేతిలోంచి తిరిగి లాక్కుని కోడి కెలికినట్టే రాశాడు: *ఈ వాల్వు తిప్పింది మా బావ.*

నేను దిద్దలేదు. మూత మీద నిలబడి పలకను ఎడమచేత్తో పట్టుకున్నాను. మూడు వేళ్ళతో పలక జారుతుందేమో అనుకున్నాను. జారలేదు.

ఆ ఫొటో చూసి, పాత ఫొటోల్లో చిరునామా వెతుక్కుని వచ్చినవాళ్ళు బ్లాగు చివరిదాకా చదివారు. "ఆ సాయంత్రం మా కుళాయిలో నీళ్ళు రావడం నాకు గుర్తుంది, తిప్పింది మీరని ఇవాళే తెలిసింది" అని ఒకావిడ రాసింది. దాని కింద ఎనభైమంది పలక ఎక్కడ కొన్నారని అడిగారు. మొత్తానికి నలుగురికీ తెలిసింది, సంస్థకు తప్ప. రెండో ముద్రణ ఇంతవరకూ రాలేదు. వస్తే చూద్దాం. రాకపోతే, ఎవడి సమయస్ఫూర్తి వాడిది.

ఇంత మంచి ఫొటోలో ఒకటే లోపం. వాడు ఫోన్ ఎత్తేసరికి నా చొక్కా మెడ దగ్గర గుండీ ఊడి ఉంది. "ఆగరా, గుండీ పెట్టుకోనీ" అన్నాను.

వాడు ఆగలేదు.