గుమ్మటం పలికిన రోజులు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకోండి, నడుము నొప్పి పుట్టదు. ఖమ్మంలో ఒక పెద్ద మసీదు కట్టినప్పటి సంగతి చెబుతాను. దానికి ముందు మా అడవి సంగతి కొంచెం చెప్పాలి.

మాది టేకులపల్లి అవతల అడవిలో చిన్న ఊరు. ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోయడానికి గుంపుగా పోతాం. కోస్తూ కోస్తూ ఎవరి దారి వాళ్లదైపోతుంది. అప్పుడు "ఊ..." అని ఒక్క కూత వేస్తాం. ఒక్క కూతంటే, ఇక్కడ ఒంటరిగా చిక్కుకున్నానని. విన్నవాళ్లు రెండుసార్లు కూయాలి. విన్నాం, ఉన్నాం అని. మాటల్లేని పగవాళ్లయినా సరే, పలకాల్సిందే. నా కూతకు అందరికంటే ముందు పలికేది నా పెనిమిటి. ఆయన జ్వరంతో పోయాక ఆ ఏడు నేను ఆకుకు పోలేదు. మేస్త్రి వెంట ఖమ్మం వచ్చి ఆ మసీదు దగ్గర కూలి పనిలో చేరాను.

బట్టల కొట్లు, సెల్‌ఫోన్ దుకాణాలు, ఆటోల మోత దాటి గేటులో అడుగుపెడితే ఒక్కసారిగా ఆ కట్టడం. రెండు వైపులా మినార్లు, తలెత్తి చూస్తే మెడ పట్టేసేది. లోపల మా ఊరంతా పట్టేంత హాలు, నడుమ ఒక్క స్తంభం లేదు. నడినెత్తిన గుమ్మటం. దాని అంచు చుట్టూ చిన్న కిటికీలు. పొద్దు తిరిగే కొద్దీ వెలుగు బిళ్లలు నేల మీద మెల్లగా జరిగేవి. పడమటి గోడలో కమాను గూడు ఖాళీగా ఉంటే, విగ్రహం ఎప్పుడొస్తుందని వాచ్‌మన్ చాచాను అడిగాను.

"ఏం రాదు బేటీ," అని ఆయన నవ్వాడు. "అది నమాజుకు దిక్కు చూపెడ్తది, గంతే."

నా పని గోడలకు నీళ్లు కొట్టడం. పొద్దుగూకాక కిరాయి గదికి పోతే పలకరించే మనిషి లేదు. ఊరికి పోదామంటే, అక్కడ మాత్రం ఎవరున్నారు? ఒక మధ్యాహ్నం అందరూ బువ్వకు పోయారు. గుమ్మటం కింద నిలబడ్డాను. నోరు దానంతటదే "ఊ..." అంది.

పైనుంచి "ఊ... ఊ..." అని వచ్చింది. రెండుసార్లు!

నా గొంతే తిరిగొచ్చిందని తెలుసు. అయినా మా అడవి లెక్కన అది జవాబే కదా. ఊరికి పోదామన్న ఆలోచన మానుకున్నాను. రోజూ అదే వేళకు పిలిచేదాన్ని.

నాతో పనిచేసే పిల్ల చూసి, "ఏందక్కా, గుమ్మటంతోని ముచ్చటా? కూరేం వండిందో అడుగు!" అంది.

"వండిందట. నీకు పెట్టొద్దన్నది," అన్నాను.

చాచా మాత్రం నవ్వలేదు. "ఎందుకు గట్ల కూస్తవ్ బేటీ?" అని అడిగి, నేను చెప్పిందంతా విన్నాడు. "అవ్? రెండుసార్లు పలకాల్నా?" అని మాత్రం అన్నాడు.

పాలరాయి పరిచారు, పాలిష్ పట్టారు. చివరికి తివాచీలు వచ్చాయి. నా పనికి అది ఆఖరి రోజు, ఆ సాయంత్రమే ఊరికి బస్సు. నమాజుకు వచ్చేవాళ్ల కోసం కట్టిన నీళ్ల హౌజు దగ్గర కాళ్లు కడుక్కుని గడప దగ్గర నిలబడి ఒక్కసారి పిలిచాను. పలుకు లేదు. మళ్లీ పిలిచాను. ఆ మెత్తటి తివాచీలు నా గొంతును మింగేశాయి. నా పెనిమిటిని మట్టిలో పెట్టి ఇంటికొచ్చిన నాడు ఇల్లు ఎట్లా ఉందో, ఆ హాలు అట్లాగే ఉంది.

అప్పుడు వెనక నుంచి, బొంగురు గొంతుతో "ఊ... ఊ..." అని వినబడింది.

హౌజు పక్కన చాచా. నా వైపు చూడకుండా, కూసింది పావురమే అన్నట్టు మినార్ వైపు చూస్తున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"జల్దీ పో బేటీ, బస్సు పోతది," అన్నాడు.

మరుసటి ఎండాకాలం ఆకుకు పోయాను. చెట్ల అవతల నుంచి ఎవరో కొత్త కోడలు, భయంతో ఒక్క కూత వేసింది. అందరికంటే ముందు నేనే పలికాను. ఇంటికొచ్చాక నా గడప లోపల చప్పుడు లేదు, నిజమే. కానీ ఆ పిల్ల నా కూత పట్టుకుని, దారి తెలిసి గుంపులోకి వచ్చేసింది.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. ఏ మూల నుంచి ఎవరు పిలిచినా, పలికే గొంతు ఒకటి మీ ఇంట్లో ఎప్పుడూ ఉండాలి.