కణాలు పలకని రోజు

కోట భారు పట్టణంలో ఊరంతా గుడ్డుతోనే తీపి చేస్తారు. అలాంటి ఊళ్ళో గుడ్డు పడని పిల్లల రక్తం చూడటం జబెదా పని. ఇరవై ఆరేళ్ళుగా ఆసుపత్రి ల్యాబులో ఉంది. రక్తం గొట్టాలు పైకి పంపిస్తామన్నా వినదు. తనే పిల్లల వార్డుకు దిగి తెచ్చుకుంటుంది. ఆ కణాలు బతికుండగానే చూడాలి, నాలుగు గంటలు దాటకూడదంటుంది.

గుడ్డు జాడ తగిలితే చాలు, ఈ పిల్లల రక్తంలో కొన్ని కణాలు తగవుకు లేస్తాయి. పిల్లకు గుడ్డు పెట్టి చూసే ముందు, దాన్ని కాస్త రక్తానికి చూపించి ఎన్ని కణాలు లేచాయో ఆమె లెక్కపెడుతుంది.

ఆరేళ్ళ హనాని ఈ పరీక్షకు రావడం ఇది మూడో ఏడు. తల్లి అస్మా బజార్లో అకొక్ అమ్ముతుంది. బాతుగుడ్లు, కొబ్బరిపాలు, తాటిబెల్లం కలిపి నిప్పుల మీద కాల్చే ఆ తీపిని కూతురు ఒక్కసారీ రుచి చూడలేదు.

"మళ్ళీ సూదా?" అని హనాని చేయి వెనక్కి దాచుకుంది.

"సూది నాది కాదే, నర్సుది. పోయినేడు నీ కణాలు ఎంత గోల చేశాయో తెలుసా? చేపల బజారు నయం."

"ఈసారి గమ్మునుండమని చెప్పాన్లే."

అన్నట్టే ఆ రోజు గుడ్డు వేసిన గొట్టంలో ఒక్క కణమూ కదల్లేదు. జబెదా ముఖం విప్పారింది. అయితే పక్క గొట్టం చూశాక ఆ సంతోషం నిలవలేదు. ఎవరి కణాలనైనా లేపే మందు వేసిన గొట్టమది. అక్కడా కదలిక లేదు. మిగిలిన రక్తంతో మళ్ళీ చేసింది. అప్పుడూ అంతే.

కుర్ర డాక్టరు ఫిక్రి ఫలితం కాగితం కోసం వచ్చాడు. "గుడ్డుకు లేవలేదు కదక్కా, రాసేయండి. ఇంట్లోనే కొంచెం కొంచెం పెట్టుకోమందాం."

"లేపే మందుకే లేవలేదు డాక్టరుగారూ. పిలిస్తే పలకనివాడు ఒప్పుకున్నట్టా? తెలియలేదు అని రాస్తాను."

"మూడేళ్ళుగా కాచుకునుంది ఆ తల్లి."

"అందుకేగా, లేనిది రాయలేను."

ఫిక్రి మెడ గోక్కుని, రెండు గొట్టాల అంకెలూ మళ్ళీ చూసి తలూపాడు.

అస్మాకు జబెదాయే చెప్పింది. ఆమెకు ఒళ్ళు మండింది. "మీకేం, ఒక మాట రాస్తే అయిపోయె. ఈ పండక్కి మనవరాలి నోట్లో అకొక్ పెట్టి తీరతానని మా అత్త కూర్చునుంది. ఆవిడ నోటికి జవాబు చెప్పాల్సింది నేను."

జబెదా బల్ల మీద ఆమె పక్కనే కూర్చుంది. "నా మీద పెట్టెయ్. ల్యాబులో ఒక మొండిముండ ఉంది, అది ఒప్పుకోలేదని చెప్పు."

అస్మాకు నవ్వూ ఏడుపూ ఒకటే వచ్చాయి.

రక్తం తేల్చలేదు కనుక వారం తిరక్కుండా హనానిని వార్డులో కూర్చోబెట్టి, మందులు దగ్గరుంచుకుని, తూచిన గుడ్డు పెట్టారు. మొదటి మోతాదుకు ఏమీ కాలేదు. రెండోది పావు చెంచా. పెదాలు ఉబ్బాయి, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఫిక్రి వెంటనే పిల్ల తొడకు సూదిమందు వేశాడు. పది నిమిషాలకు ఊపిరి సర్దుకుంది. సాయంత్రం దాకా కదలనివ్వలేదు.

ఇంట్లో పొయ్యి దగ్గర జరిగుంటే ఆ సూది అందేది కాదు. అస్మా ల్యాబు గుమ్మందాకా వచ్చింది. "అన్నం తిన్నారా అక్కా?" అని మాత్రం అడిగింది.

ఆ నెలనుంచి, లేపే మందు గొట్టం అంకె లేనిదే ఫిక్రి ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

మరో రెండేళ్ళకు హనాని కణాలు ఆ మందుకు దిగ్గున లేచాయి, గుడ్డుకు మాత్రం కాస్త ఒళ్ళు విరుచుకుని ఊరుకున్నాయి. జబెదా రెండుసార్లు చూసి అప్పుడు సంతకం చేసింది. వార్డులో ఆ పిల్ల గుడ్డు కలిపి బాగా కాల్చిన కేకు ముక్క తింది. ఏమీ కాలేదు. లోపల గుడ్డు సగమే ఉడికి మెత్తగా ఉండే అకొక్ కోసం ఇంకో ఏడాది ఆగాలన్నారు.

ఆ సంగతి చెప్పడానికి ఫిక్రి మెట్లెక్కి పైకి వచ్చేసరికి, జబెదా ఇంకో పిల్లవాడి రక్తం కోసం వార్డుకు దిగిపోయింది.