పటంలో నిలబడ్డవాడు

"జర పక్కకు జరుగు ఎల్లస్వామీ, నా కొడుకు కానొస్తలేడు."

కచేరి జవాను ఎల్లస్వామి నిచ్చెన మీద నుంచి కిందికి చూశాడు. గోపమ్మ. చంకలో మడిచిన నల్ల గొంగడి. "దిగుతున్న పెద్దమ్మా," అన్నాడు కానీ, గోడకున్న పటాన్ని విప్పడానికే తను ఎక్కానన్నది నోట రాలేదు. పోయిన అంగడినాడే చెప్పాడు గనక ఆమెకు తెలుసు.

హుజూర్‌నగర్ తాలూకా కచేరిలో ఆ రంగుల పటం నైజాం కాలం నుంచీ ఉంది. సముద్రం, తెరచాపల ఓడ, ఈకల టోపీలతో ఒడ్డుకు దిగుతున్న తెల్లదొరలు. వందల ఏండ్ల కిందట కోళికోడుకు వచ్చిన పోర్చుగీసువాళ్లని కింద ఉర్దూలో రాసి ఉంటుంది. ఎల్లస్వామి కూడబలుక్కుని చదువు నేర్చుకున్నది ఆ అక్షరాల మీదనే.

గోపమ్మ దొరల వంక చూడదు. ఒక మూలన, జనానికి ఎడంగా, భుజాన గొంగడితో ఒకడున్నాడు. కర్రకు ఆనుకుని, ఒక కాలు మడిచి రెండో మోకాలికి తన్నిపెట్టి నిలబడ్డాడు. మంద కాసేవాళ్ల నిలువు అది. ఆమె కొడుకు బీరన్నదీ అదే. గొర్రెను నడక చూసి గుర్తుపట్టే మనిషి, మొహం గోరంతైనా లేని ఆ బొమ్మను నిలువు చూసి గుర్తుపట్టింది.

గడ్‌బడ్ రోజుల్లో, నైజాం పడిపోయిన ఏడు, బీరన్నను మిలిట్రీవాళ్లు మంద దగ్గర నుంచే లారీ ఎక్కించుకుపోయారు. మళ్లీ రాలేదు. వాడి జాడ అడగడానికే ఆమె మొదటిసారి ఈ మెట్లెక్కింది. జాడ దొరకలేదు, పటం దొరికింది. అప్పటినుంచి అంగడికి వచ్చినప్పుడల్లా చూసిపోతుంది.

"గా ఓడల మావోన్ని తోలుకపోతరా ఏంది?" అని ఒకసారి అడిగింది.

"లేదు పెద్దమ్మా, వాళ్లు దిగుతున్నరు."

"అయితే మంచిదే. చూడనీకి పోయిండు. చిన్నప్పటి సంది గంతే, కొత్తది కనవడితే మందనిడిచి ఉరుకుతడు. గొర్లు ఎవని చేన్ల పడ్డయో!"

వాడు నీ కొడుకు కాదని చెప్పబోయి, ఎల్లస్వామి ప్రతిసారీ మింగేశాడు.

వాళ్లింట్లో చచ్చిపోయినవాడి గొంగడి ఉంచుకోరు, ఎవరికైనా ఇచ్చేస్తారు. మరిది గుర్వయ్య ఏటా అడిగేవాడు: "వదినె, గొంగడి ఇచ్చి దినాలు చేద్దాం." "బతికున్నోనికి దినాలేందిరా?" అని తిట్టి, ఆమె బీరన్న గొంగడిని ఎండబెట్టి, వేపాకు వేసి మడిచేది.

పటం కిందికి దిగింది. కచేరికి సున్నం వేస్తున్నారు, దీన్ని హైదరాబాదు పంపమని హుకుం. ఎల్లస్వామి గోడకు ఆనించాడు. ఇన్నేళ్లకు చెయ్యి అందింది. గోపమ్మ వంగి మూలనున్న బొమ్మ మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"సల్లగున్నడు," అంది.

ఎల్లస్వామి గోనెపట్ట అందుకోబోయాడు.

"అది గుచ్చుకుంటది బిడ్డా. ఇగో, దీంతోని చుట్టు." గొంగడి అతని చేతుల్లో పెట్టింది. వేపాకు రాలింది. "మొకం ఎవనిదో, నాకెర్కనే. నిలబడుడు మాత్రం మావోనిదే."

అతను చుడుతుంటే ఆమె గోడ వైపు తిరిగింది. పటం ఉన్నంత మేర తెల్లగా ఉంది.

"గుర్వయ్య బయట బండి కాడ ఉన్నడు. నాతోని కాదు, నువ్వే పోయి చెప్పు బిడ్డా. వదినె గొంగడి ఇచ్చిందని చెప్పు."