అరువు ముక్కు

మురుగు గొట్టాల్లో లీకులు పట్టే భక్తవత్సలం, పని మొదలెట్టగానే తన ముక్కును తానే చెడగొట్టుకుంటాడు. లీకున్నచోట వాసన బయటపడాలని మిద్దెమీది మురుగు పైపులో పుదీనా తైలం, వేడినీళ్లు పోసేసరికి మీసాలదాకా అదే ఘాటు. కిందికి దిగితే ఇల్లంతా తన వాసనే. అందుకని మెట్లమీదే కూర్చుని, ఆ ఇంట్లోని చురుకైన ముక్కును అరువడుగుతాడు. మైలాపూరులో ఆ ముక్కు బాలసరస్వతమ్మది. ఇంట్లో కంపని ఆమె నెలలుగా మొత్తుకుంటుంటే, కొడుకు రంగనాథం భ్రమని కొట్టిపారేశాడు. ఇప్పుడామె గదిగదీ వాసన చూస్తూ కొడుకు మంచం దగ్గర ఆగి, గోడకు ముక్కానించింది.

"ఈడే పుదీనా! రేయ్ రంగా, నీ తలకాడే కారతా ఉండాదిరా! ఎట్లా నిద్దరపోయినావప్పా?"

రంగనాథం వంగి వాసన చూసి, "అవునుమా" అని నవ్వేశాడు.

"అమ్మా, రేపు మాధవరంలో ఇంకో ఇల్లుండాది. వస్తారా?" మెట్లమీంచి కేకేశాడు భక్తవత్సలం.

"ఆటో పంపిచ్చు, వస్తా!" అందామె, గోడ వదలకుండానే.