యార్కండు మనిషికి ఏ దేశం రాయాలి?

1969లో నేను శ్రీకాకుళంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాని. జిల్లాలో ఉండే విదేశీయుల రిజిస్ట్రేషన్ ఫైళ్లు నా సీటులో ఉండేవి. ఫలానా దేశస్థుడు ఫలానా ఊళ్లో ఉన్నాడని నమోదు చేసి సర్టిఫికెట్ ఇవ్వడం, ఏటా దాన్ని రెన్యూ చెయ్యడం నా పని. ఎక్కువమంది మిషన్ ఆస్పత్రుల దొరసానులే. వాళ్లతో ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

ఆ ఎండాకాలం ఇమీన్ అనే యాభయ్యేళ్ల మనిషి, భార్య ఆదెమ్మతో పాతపట్నం నుంచి వచ్చాడు. అక్కడ రొట్టెల బట్టీ నడుపుతున్నాడు. కుర్రతనంలో గుర్రాల బిడారుతో యార్కండు నుంచి మంచుకొండలు దాటి కాశ్మీరు చేరి, కలకత్తా మీదుగా వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. పాత సర్టిఫికెట్ చివికిపోయింది, కొత్తది రాయాలి. పాతదాంట్లో నేషనాలిటీ, అంటే జాతీయత గడిలో, కాశ్మీరు గుమాస్తా ఎవరో ‘తుర్కిస్తానీ’ అని రాశాడు.

మా సూపరింటెండెంటు దేశాల జాబితా తిరగేసి, “ఇలాంటి దేశం లేదు. యార్కండు ఉన్నది సింకియాంగ్‌లో, సింకియాంగ్ చైనాలోది. చైనీస్ అని రాసెయ్” అన్నాడు.

రూలు ప్రకారం ఆయన మాట తప్పు కాదు. కానీ అప్పుడు కొండల్లో నక్సలైట్ల పోరాటం సాగుతోంది. గోడల మీద చైనా పేరుతో రాతలు, రోడ్ల మీద సోదాలు. ఆ మాట ఉన్న కాగితం జేబులో పెట్టుకుని బస్సెక్కితే మనిషి ఇల్లు చేరతాడన్న నమ్మకం లేదు.

ఆదెమ్మ నా బల్ల పట్టుకుని నిలబడింది. “బాబూ, సైనా అని రాస్తే మా మావని అట్టుకుపోతారు. ఇంకేటైనా రాయి, అది మాత్రం రాయకు.”

ఇమీన్ భయం ఊసెత్తలేదు. భార్య దగ్గర నేర్చుకున్న తెలుగులోనే, “మావోళ్లు తూర్పు తుర్కిస్తాన్ అంటారు. సైనావోళ్లు సింకియాంగ్ అంటారు. కొత్త సరిహద్దు అని అర్దం. మా తాతలంతా అక్కడే పుట్టినారు. మాకది కొత్తెలాగవుతాది?” అన్నాడు.

“స్టేట్‌లెస్ అని రాయొచ్చు. దేశం లేనివారని” అన్నాను.

ఆయన కాగితం నా వైపు జరిపాడు. “దేశం ఉన్నాది బాబూ. పేరే ఎవులూ ఒప్పుకోరు.”

నాకు సిగ్గేసింది. ఆ మధ్యాహ్నం భోజనం మానేసి పాత సర్క్యులర్లన్నీ వెతికాను. జాతీయత తేలకపోతే ‘విచారణలో ఉంది’ అని రాసి పైకి పంపవచ్చని ఒకచోట దొరికింది. నోటు రాశాను: పుట్టింది యార్కండు. ఆ ప్రాంతాన్ని ఇతను తూర్పు తుర్కిస్తాన్ అంటాడు, మన జాబితా సింకియాంగ్ అంటుంది.

సూపరింటెండెంటు చదివి, “రేపు ఎవరైనా అడిగితే జవాబు నువ్వే చెప్పుకో” అన్నాడు. ఫైలు మాత్రం పైకి పంపాడు. అది నాలుగు రోజులు అక్కడే ఉంది. వాళ్లు ఊళ్లోనే చుట్టాలింట్లో ఉండి రోజూ వచ్చేవారు. “ఏటైనాది బాబూ?” అని ఆదెమ్మ గుమ్మంలోంచే అడిగేది. అయిదో రోజు సంతకం అయింది.

పుట్టిన ఊరి గడిలో ఉన్న ‘యార్కండు’ అన్న మాటని ఇమీన్ నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. “సాలు” అని కాగితం మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు.

జాతీయత విచారణ మీద పైనుంచి, నేను బదిలీ అయ్యేదాకా ఏ జవాబూ రాలేదు. ఆయన ఏటా వచ్చి రెన్యూ చేయించుకుని వెళ్లేవాడు.

తర్వాత సర్వే పనిమీద ఒరిస్సా సరిహద్దు పల్లెలు తిరిగాను. ఒకే పల్లెకి ఒరియాలో ఒక పేరు, తెలుగులో ఇంకో పేరు. ఊళ్ల జాబితా తెరిచేముందు అక్కడివాళ్లని, “మీ ఊరిని మీరేమంటారు?” అని అడిగేవాణ్ణి. రెండు పేర్లు చెబితే రెండూ రాశాను. ఒకటి కొట్టెయ్యాలనుకుంటే పైవాళ్లు తమ చేత్తో కొట్టేసి, కింద సంతకం పెట్టాలి.