ఊడిపోయే బెల్టు

రేసు కార్లు బాగుచేసే ఆ షెడ్డులో మేస్త్రికి మాత్రం తొందరంటే గిట్టదు. అందరూ పనయ్యాక చేతులు కడుక్కుంటే, ఆయన మొదలుపెట్టే ముందు కూడా కడుక్కుంటాడు. జిడ్డు వేళ్లకు ఏదీ సరిగ్గా తెలియదట. కళ్లజోడు నెత్తిమీదే పెట్టుకుని షెడ్డంతా వెతుకుతాడు. ఇన్ని కార్లు బాగుచేసినా ఒక్కదాన్లోనూ ఎక్కడు, వేగానికి కళ్లు తిరుగుతాయి.

ఇవాళ ఆయన బామ్మర్ది తన రేసు కారు తోసుకొచ్చాడు. మొన్న ఇక్కడే కొత్త పుల్లీ వేయించుకున్నాడు. మలుపులో వేగం పెంచగానే దాని మీద తిరుగుతూ స్టీరింగ్‌ను తేలిక చేసే బెల్టు ఊడిపోయి, స్టీరింగ్ రాయిలా బిగుసుకుందట. గోడకు గుద్దుకోవడం వెంట్రుకవాసిలో తప్పింది. "బెల్టే నాసిరకం బావా, ఇంకోటి వేసెయ్" అన్నాడు. మేస్త్రి బెల్టును వేలితో తడిమాడు. ఒక అంచే అరిగింది. పుల్లీల ముఖాలకు ఇనప స్కేలు ఆనించి చూస్తే, తను బిగించిన కొత్తది గోరు మందాన లోపలికుంది. తిన్నగా తుక్కు డబ్బా దగ్గరికి వెళ్లి పాత పుల్లీ తీశాడు. దాని వెనక గ్రీజుకు అంటుకుని ఒక పల్చటి వాషరు ఉంది. "బెల్టును తిట్టకురా. ఇది పెట్టడం మర్చిపోయింది నేనే" అన్నాడు, షెడ్డులో అందరికీ వినిపించేలా. వాషరు తుడిచి, పెట్టి, పుల్లీ బిగించి బెల్టు ఎక్కించాడు. ఇంజను ఎంత గర్జించినా బెల్టు పక్కకు జరగలేదు. బామ్మర్ది స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. మేస్త్రి చేతులు కడుక్కుని వచ్చి, అవతలి తలుపు తీసి పక్కసీట్లో కూర్చున్నాడు.

"ఆ మలుపుకే పోనియ్. ఈసారి ఊడితే పక్కన నేనూ ఉండాలి."